తప్తపాణి: అడవిలో బస.. వేడి ఊటలో స్నానం
సరిహద్దు దాటితే కొండల నడుమ ఉష్ణకుండం
వెళ్లే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఇవీ

ఇచ్ఛాపురం: చలికాలం మొదలైతే చాలు, సిక్కోలు ఉత్తర మండలాల నుంచి కుటుంబాలతో, మిత్రబృందాలతో ఒడిశా కొండల దారి పట్టేవారు కనిపిస్తారు. వారిలో చాలామంది గమ్యం తప్తపాణి. గంజాం జిల్లాలో, తూర్పు కనుమల అడవుల నడుమ, ఏడాది పొడవునా వేడినీరు ఊరే చిన్న కుండం ఇది. దాని పక్కనే ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ నిర్వహించే పంథనివాస్ అతిథిగృహం ఉంది. చెట్ల మధ్య గదిలో రాత్రి బస చేసి, తెల్లవారుజామున భూగర్భం నుంచి వచ్చిన వేడినీటితో స్నానం చేయడం ఇక్కడి ప్రత్యేకత.

విహారానికి వెళ్లేవారు కొందరైతే, చర్మవ్యాధి నయమవుతుందని, కీళ్లనొప్పులు తగ్గుతాయని, సంతానం కలుగుతుందని ఆశతో వెళ్లేవారు మరికొందరు. ఆ ఆశలో ఎంత నిజముంది? ఆ నీరు ఎవరికి మేలు, ఎవరికి ముప్పు? అడవిలో రాత్రి గడపాలంటే ఏ జాగ్రత్తలు అవసరం? పాఠకుల ప్రయోజనార్థం ఆ వివరాలను ఇక్కడ అందిస్తున్నాం.

పేరు వెనుక కథ

తెలుగువారికి 'పాణి' అంటే చేయి. ఒడియాలో అదే మాటకు నీరు అని అర్థం. తప్తపాణి అంటే కాగిన నీరు. ఇదే అర్థంతో 'తట్టాపాని' అనే ప్రదేశాలు హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ నది ఒడ్డున ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లో మరొకటి ఉన్నాయి. ఇంటర్‌నెట్‌లో గది బుక్ చేసుకొనేవారు ఈ పేర్ల పోలికతో పొరబడకుండా గంజాం జిల్లా అని సరిచూసుకోవాలి.

ఈ ప్రాంతం తెలుగువారికి పరాయిదేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బరంపురంలో నేటికీ తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి జన్మించింది ఆ పట్టణంలోనే. 1992లో గంజాం నుంచి విడిపోయిన గజపతి జిల్లాకు కేంద్రం పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన సీతంపేట, మందస కొండల్లోని సవరల బంధువర్గమే ఆవలి వైపు కొండల్లోనూ ఉంది. వారితో పాటు కొంధులు కూడా ఈ అడవుల్లో నివసిస్తున్నారు.

కుండం పక్కనే కంధుణీ దేవి ఆలయం ఉంది. గిరిజనులు, మైదాన ప్రాంతాల వారు కూడా ఈ అమ్మవారిని కొలుస్తారు. పర్యాటకులకు ఇది చూడదగిన చోటు మాత్రమే కావచ్చు. స్థానికులకు మాత్రం ఊటే అమ్మవారి సన్నిధి అని గుర్తుంచుకోవాలి.

నీరు ఎందుకు వేడెక్కుతుంది?

'కొండ లోపల అగ్నిపర్వతం ఉందట' అని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. తూర్పు కనుమల్లో క్రియాశీల అగ్నిపర్వతాలు లేవు. ఇక్కడి నీటి వేడికి కారణం వేరు.

కొండలపై కురిసిన వాన నీరు రాతి పగుళ్ల గుండా లోలోపలికి ఇంకుతుంది. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. సాధారణంగా ప్రతి కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 సెంటిగ్రేడ్ డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత ఎక్కువవుతుంది. అలా లోతుకు చేరి కాగిన నీరు, శిలల్లో పెద్ద చీలిక ఎదురైన చోట తిరిగి పైకి ఎగదన్నుతుంది. దారి పొడవునా రాళ్లలోని ఖనిజాలను తనలో కలుపుకొంటుంది. తప్తపాణి నీటికి ఉన్న గంధకపు వాసన అలా వచ్చినదే. కుళ్లిన కోడిగుడ్డును తలపించే ఆ వాసనకు మూలం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. వెండి నగలు ఈ వాయువు తగిలితే నల్లబడతాయి. పట్టీలు, మెట్టెలు, మొలతాళ్లు తీసి స్నానానికి దిగడం మంచిది.

ఈ కొండల్లో విస్తారంగా కనిపించే రాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖొండలైట్. ఇక్కడి కొంధు తెగ పేరు మీదుగానే ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆ పేరు వచ్చింది. విశాఖపట్నం, సింహాచలం కొండల్లోనూ ఇదే జాతి రాయి ఉంది.

ఒడిశాలో తప్తపాణితో పాటు ఖుర్దా జిల్లాలోని అత్రి, అనుగుల్ జిల్లాలోని దేవుళఝరి, నయాగఢ్ జిల్లాలోని తారాబాలో వంటి ఉష్ణకుండాలు ఉన్నాయి. తారాబాలో, దేవుళఝరి ఊటలతో పోలిస్తే తప్తపాణి నీటి వేడి తక్కువ. మణికరణ్‌లో మాదిరిగా బియ్యం మూటగట్టి ఉడికించేంత వేడి ఇక్కడ ఉండదు. అయినా ఊట పుట్టే చోట ఒంటి మీద నేరుగా పోసుకొనేంత చల్లగానూ ఉండదు. అందుకే కుండం చుట్టూ కట్టడం నిర్మించి, అక్కడి నీటిని దిగువన ఉన్న స్నానపు కొలనుకు, అతిథిగృహానికి మళ్లించారు. పారే దారిలో నీరు కొంత చల్లబడుతుంది.

బస ఎక్కడ?

ఊటకు దగ్గరగా రాత్రి ఉండాలంటే పంథనివాస్ ప్రధాన వసతి. కొండవాలుపై, చెట్ల నీడలో గదులు ఉంటాయి. కొన్ని గదుల్లో పెద్ద స్నానపు తొట్లు కట్టి, ఊట నీటిని గొట్టాల ద్వారా వాటిలోకి వదులుతారు. అన్ని గదులకూ ఈ సౌకర్యం ఉండదు. బుక్ చేసే సమయంలోనే 'ఊట నీరు వచ్చే గదేనా' అని స్పష్టంగా అడగాలి. అలా అడగకుండా డబ్బు కట్టి, అక్కడికి వెళ్లాక మామూలు కుళాయి చూసి నిరాశ పడేవారు ఉంటారు.

గదులు తక్కువ కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో, సంక్రాంతి సెలవుల్లో ముందుగా బుక్ చేసుకోనిదే దొరకడం కష్టం. సంస్థ వెబ్‌సైట్‌లో గాని, బరంపురం, గోపాలపురం పర్యాటక కార్యాలయాల్లో గాని విచారించవచ్చు. గదిలో దిగే ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. గది దొరకనివారు బరంపురంలో బస చేసి, తెల్లవారి బయలుదేరి సాయంత్రానికి తిరిగిరావచ్చు.

భోజనం అతిథిగృహంలోనే లభిస్తుంది. అన్నం, దాల్మా, కూరగాయలు, చేప, కోడి వంటివి చెప్పినదాన్ని బట్టి వండుతారు. ఇది అడవి చోటు. రాత్రి పొద్దుపోయాక హోటల్ వెతుక్కుందామంటే కుదరదు. చిన్న పిల్లలున్నవారు పాలపొడి, బిస్కెట్లు, పళ్లు బరంపురంలోనే కొనుక్కోవడం ఉత్తమం.

ఎలా వెళ్లాలి?

ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. చెన్నై - హౌరా మార్గంలోని ప్రధాన రైళ్లు చాలావరకు బరంపురంలో ఆగుతాయి. రైల్వే పట్టికల్లో ఆ స్టేషన్ పేరు 'బ్రహ్మపూర్' అని ఉంటుంది. అక్కడి నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. మోహన వైపు వెళ్లే బస్సులు ఈ దారినే పోతాయి. కుటుంబంతో వెళ్లేవారికి బరంపురంలో అద్దె కార్లు దొరుకుతాయి. పాతపట్నం, పర్లాకిమిడి ప్రాంతాల వారు రామగిరి ఉదయగిరి, మోహన మీదుగానూ చేరుకోవచ్చు. అది పూర్తిగా కొండదారి.

దిగపహండి దాటిన తరువాత ఘాట్ మొదలవుతుంది. మలుపులు ఎక్కువ. లారీల రాకపోకలూ ఎక్కువే. 2020 జనవరి నెలాఖరులో ఈ ఘాట్‌లోనే ప్రయాణికుల బస్సు వంతెన పైనుంచి కింద పడి పలువురు దుర్మరణం పాలయ్యారు. కొత్తగా కారు నేర్చినవారు ఈ దారిలో స్టీరింగ్ పట్టకపోవడం మంచిది. చీకటి పడేలోగా గదికి చేరుకొనేటట్లు ప్రయాణం పెట్టుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చలిలోనే వేడి ఊట విలువ తెలుస్తుంది. తెల్లవారుజామున మంచు కమ్ముకొని, కుండం నుంచి ఆవిరి లేస్తుంటే ఆ దృశ్యం కనువిందు చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత వల్ల వేడినీటి స్నానం భారమవుతుంది.

వానాకాలంలో అడవి పచ్చగా ఉంటుంది. అయితే కొండచరియల బెడద ఉంటుంది. అక్టోబరు మాసాన్ని ఈ తీరం వారు తేలికగా తీసుకోరాదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపురం సమీపంలో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస వద్ద తీరం దాటిన తరువాత గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణనష్టం సంభవించింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే క్షేమం.

సంతానం కోసం వెళ్లేవారికి..

తప్తపాణికి వచ్చే గిరిజన మహిళల్లో ఒక ఆచారం అనాదిగా ఉంది. పిల్లలు లేనివారు కొలను అడుగున బురదలో చేతులు పెట్టి వెతుకుతారు. పక్కనున్న చెట్టు నుంచి రాలిన కాయ గాని, గింజ గాని చేతికి తగిలితే కోరిక ఫలిస్తుందని నమ్ముతారు. ఇటీవలి కాలంలో మైదాన ప్రాంతాల దంపతులూ ఈ ఆశతో వస్తున్నారు.

నమ్మకం వారి వారి ఇష్టం. అమ్మవారికి మొక్కుకోవడంలో తప్పు లేదు. అయితే మొక్కు పేరుతో వైద్యాన్ని మానుకోవడం వల్ల విలువైన సంవత్సరాలు గడిచిపోతాయి. మహిళకు వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 35 దాటాక, గర్భధారణ అవకాశాలు తగ్గుతాయి. ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే వైద్యుడిని సంప్రదించాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. కాబట్టి ఇది ఎవరూ సిగ్గుపడవలసిన విషయం కాదు.

మరో ముఖ్య విషయం.. కొలనులో చేయి పెట్టేది భార్య ఒక్కతే. లోపం మాత్రం ఆమెలోనే ఉండాలని లేదు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. భార్యకు ఎన్నెన్నో పరీక్షలు చేయించే ముందు ఆ ఒక్క పరీక్ష భర్త చేయించుకోవాలి. పైగా అధిక వేడి వీర్యకణాల ఉత్పత్తిని తగ్గిస్తుంది. సంతానం కోరుకొనే పురుషులు రోజుల తరబడి వేడినీటి తొట్టిలో గంటలకొద్దీ కూర్చోవడం వల్ల ఆశించినదానికి విరుద్ధ ఫలితం వచ్చే ప్రమాదం ఉంది.

చర్మానికి, కీళ్లకు మేలేనా?

గోరువెచ్చని నీటిలో కూర్చుంటే కండరాలు వదులవుతాయి, కీళ్లు పట్టేసినట్లు ఉండే బాధ కొంత తగ్గుతుంది. ఇది ఏ వేడి నీటికైనా ఉన్న గుణమే. గంధకానికి చర్మంపై కొన్ని సూక్ష్మజీవులను, తామర వంటి శిలీంధ్రాలను అదుపు చేసే లక్షణం ఉంది. మందుల దుకాణంలో గంధకపు లేపనాలు దొరికేది అందుకే. కానీ ఒకటి రెండు స్నానాలతో సోరియాసిస్ వంటి దీర్ఘవ్యాధులు పోవు. స్పర్శ లేని మచ్చలున్నవారు ఊట నీటిని నమ్ముకొని కాలయాపన చేయరాదు. అది కుష్ఠు లక్షణం కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి పూర్తి చికిత్స ఉచితంగా లభిస్తుంది. పుండ్లు, కారే గాయాలు ఉన్నవారు అందరూ దిగే కొలనులోకి దిగరాదు. అది వారికీ, ఇతరులకూ మంచిది కాదు.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులు, ముఖ్యంగా తొలి మూడు నెలల్లో ఉన్నవారు, వేడినీటి తొట్టిలో కూర్చోరాదు. తల్లి శరీర ఉష్ణోగ్రత పెరిగితే కడుపులోని శిశువుకు హాని జరిగే అవకాశం ఉంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుడి సలహా లేకుండా దిగరాదు. వేడికి రక్తనాళాలు విప్పారి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మద్యం తాగినవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నీటి వేడి తెలియక కాళ్లు కాలుతాయి. వారు ముందు మోచేతితో చూసుకొని గాని, ఇతరులను చూడమని గాని దిగాలి.

ఆరోగ్యవంతులు సైతం ఒక విడతలో 10 నుంచి 15 నిమిషాలకు మించి ఉండకూడదు. మధ్యమధ్య మంచినీరు తాగాలి. పసిపిల్లలను ఊట మూలం దగ్గరకు తీసుకుపోరాదు. పెద్దల చేతికి ఓర్చుకోదగిన వేడి, పిల్లల లేత చర్మాన్ని కాల్చగలదు. పొరపాటున కాలితే వెంటనే 20 నిమిషాల పాటు చల్లని నీటి ధార కింద ఉంచాలి. సిరా, టూత్‌పేస్టు, పసుపు వంటివి పూయరాదు.

ముక్కులోకి నీరు పోనీయరాదు

వెచ్చని మంచినీటి కొలనుల్లో నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా పెరగవచ్చు. ఇది 46 డిగ్రీల వరకు వేడిని తట్టుకొంటుంది. తాగితే దీనివల్ల వ్యాధి రాదు. ముక్కు ద్వారా ప్రవేశిస్తే మాత్రం మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఈ అమీబా జాతుల వల్ల మెదడు జ్వరం కేసులు నమోదై కలకలం రేపాయి. వ్యాధి అరుదైనదే. సోకినవారిలో బతికి బయటపడేవారు మాత్రం చాలా తక్కువ.

నివారణ సులభం. కొలనులో తల ముంచరాదు, దూకరాదు, పిల్లలను నీళ్లు చల్లుకొంటూ ఆడనీయరాదు, ఆ నీటిని ముక్కులోకి ఎగబీల్చరాదు. మెడ వరకు మాత్రమే నీటిలో ఉండాలి. కొలను స్నానం తరువాత రెండు వారాల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లి, వేడి ఊటలో స్నానం చేసిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

అడవి రాత్రి.. కొన్ని జాగ్రత్తలు

గజపతి, గంజాం సరిహద్దులోని లఖారీ లోయ అభయారణ్యం ఏనుగులకు ఆవాసం. 2007 ప్రాంతంలో శ్రీకాకుళం జిల్లాలోకి దిగివచ్చి పొలాలను తొక్కిన గుంపు ఆ అడవులదే. ఎలుగుబంట్లు కూడా ఈ కొండల్లో తిరుగుతుంటాయి. చీకటి పడ్డాక అతిథిగృహం ఆవరణ దాటి వెళ్లరాదు. రాత్రిపూట నడిచేటప్పుడు టార్చిలైటు తప్పనిసరి. బూట్లు వేసుకొనే ముందు దులపాలి.

ఒడిశా కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది. దోమతెర, ఒంటికి పూసుకొనే దోమల మందు వెంట తీసుకెళ్లాలి. తిరిగివచ్చిన నెలలోపు చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి. రోజూ వాడే మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోవాలి. కొండల నడుమ సెల్‌ఫోన్ సిగ్నల్ అంతటా ఒకేలా ఉండదు కాబట్టి కొంత నగదు చేతిలో ఉండాలి. అత్యవసర వైద్యానికి బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి పెద్ద దిక్కు. 108 అంబులెన్సు సేవ ఒడిశాలోనూ ఉంది.

చుట్టుపక్కల చూడదగినవి

తప్తపాణి నుంచి మోహన మీదుగా సుమారు 35 కిలోమీటర్లు ముందుకు వెళితే చంద్రగిరి వస్తుంది. 1963లో టిబెట్ శరణార్థులకు ఇక్కడ ఆవాసం కల్పించారు. కొండవాలుల్లో మొక్కజొన్న పండిస్తూ, చలికాలంలో ఊళ్లు తిరిగి స్వెట్టర్లు అమ్ముతూ వారు జీవనం సాగిస్తున్నారు. సమీపంలోని జిరంగ్‌లో నిర్మించిన పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. తిరుగు ప్రయాణంలో గోపాలపురం సముద్రతీరం, బరంపురంలో పట్టుచీరలు, పచ్చళ్లు, అప్పడాల దుకాణాలు చూడవచ్చు.

మన దగ్గరా ఉన్నాయి

తెలుగునేలపై గోదావరి లోయలో వేడి ఊటలు ఉన్నాయి. భద్రాచలానికి 5 కిలోమీటర్ల దూరంలోని గుండాల వద్ద నది ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు సమీపంలోని పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరు నుంచి వేడినీరు తనంతట తానే ఎగజిమ్ముతోంది. దానితో విద్యుత్తు తయారు చేసేందుకు సింగరేణి ప్రాంతంలో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని చేపట్టారు.

ఇవి పాటించండి

* ఊట మూలంలో సబ్బు, షాంపూ వాడరాదు. దిగువన స్నానం చేసేవారంతా వాడేది ఆ నీటినే.
* ఆలయ ఆవరణలో చెప్పులు విడవాలి. స్నానం చేస్తున్న మహిళలను ఫొటోలు తీయరాదు.
* గిరిజనుల మొక్కులు, పూజలు వినోదంగా చూడరాదు. అనుమతి లేకుండా కెమెరా ఎత్తరాదు.
* ప్లాస్టిక్ సంచులు, సీసాలు, మిగిలిన అన్నం అడవిలో వేయరాదు. తిండి వాసనకు జంతువులు బసల వద్దకు వస్తాయి.
* చలిమంట వేయాలనుకొంటే అతిథిగృహం సిబ్బందిని అడిగి, వారు చూపిన చోటే వేయాలి. పడుకొనే ముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి.